పెరుగు దానంతటదే తోడుకోదు

ఓం నమశ్శివాయ.

ఈ వారం వీడియోలో మురమళ్ళ వీరేశ్వరస్వామి వారి నిత్య కల్యాణం గురించి చెప్పుకున్నాం. అందులో చెప్పాలనుకుని చెప్పలేకపోయిన సంగతి ఒకటి ఉంది. అది మా ఇంటి సంగతి. కెమెరా ముందు కూర్చుంటే నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

మాది ముమ్మిడివరం. మా ఊరి పేరు చెప్పగానే పెద్దవాళ్ళు అడిగే మొదటి మాట, "బాలయోగి గారి ఊరేనా?" అని. అవునండి, ఆ ఊరే. భగవాన్ బాలయోగీశ్వరులు చిన్న వయసులోనే తపస్సులో కూర్చున్నారు. 1985లో సిద్ధి పొందేవరకు ఏడాదికి ఒక్కసారి, మహాశివరాత్రి నాడు మాత్రమే భక్తులకి దర్శనం ఇచ్చేవారు. ఆ ఒక్క రోజు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. గంటల తరబడి వరసలో నిలబడి, ఒక్క క్షణం చూసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళేవారట. మా నాయనమ్మ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

మా ఊరికి దగ్గర్లోనే, గౌతమి ఒడ్డున మురమళ్ళ ఉంది. అక్కడ భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి. ఆయనకి కల్యాణం ఏడాదికోసారి కాదు, రోజూ. ఎండైనా, వానైనా, పండగైనా, మామూలు మంగళవారమైనా సరే, అమ్మవారికీ అయ్యవారికీ పెళ్ళి జరగాల్సిందే.

చిన్నప్పుడు నాకు ఒక అనుమానం ఉండేది. ఏడాదికోసారి కనిపించేవారిని చూడ్డానికి అంతమంది ఎందుకు వెళ్ళారో అర్థమవుతుంది. అరుదుగా దొరికేదానికి విలువ ఎక్కువ. మరి రోజూ జరిగే పెళ్ళిలో విశేషం ఏముంది? అయిపోయిన పెళ్ళినే మళ్ళీ మళ్ళీ చేయడం ఎందుకు?

ఆ ప్రశ్నకి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మొన్న శీతాకాలంలో, మా వంటింట్లో, ఒక స్టీలు గిన్నె దగ్గర దొరికింది.

ఆగిపోయిన ఫోన్

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. మా అమ్మ ప్రతిరోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ చేసేది. అడిగేది ఒక్కటే: "అన్నం తిన్నావా నాన్నా?"

ఒకరోజు ఆఫీసులో ఏదో చికాకు. ఫోన్ మోగింది. "అమ్మా, మీటింగ్‌లో ఉన్నాను. రోజూ ఇదే ప్రశ్నా? తినకుండా ఉంటానా? మధ్యాహ్నం పూట చెయ్యకు" అన్నాను. "సరే నాన్నా" అంది. ఆ తర్వాత నిజంగానే చెయ్యలేదు. నిజం చెప్పాలంటే, చెయ్యట్లేదన్న సంగతి కూడా నేను గమనించలేదు.

కార్తీకం వెళ్ళిపోయింది. పోలి పాడ్యమి తర్వాత రెండు రోజులకి మా పక్కింటి అత్తయ్యగారు ఫోన్ చేశారు. వాళ్ళబ్బాయి ఉద్యోగం గురించి ఏదో అడగడానికి చేసి, చివర్లో "మీ అమ్మగారి చెయ్యి ఎలా ఉంది బాబూ?" అన్నారు.

"చెయ్యా? ఏమైందండి?"

"అయ్యో, నీకు చెప్పలేదా?"

పోలి పాడ్యమి తెల్లవారుజామున అరటి దొప్పలో దీపాలు వదలడానికి కాలువ రేవుకి వెళ్ళిందట మా అమ్మ. మెట్టు మీద నాచు. కాలు జారి, కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. ఆరు వారాల కట్టు. రెండు రోజులైనా కొడుక్కి తెలియదు.

ఆ రాత్రే బస్సెక్కాను. ఇంటికెళ్ళి, "నాకెందుకు చెప్పలేదమ్మా?" అని గట్టిగానే అడిగాను. ఆవిడ కోపంగా అనలేదు, నిష్ఠూరంగానూ అనలేదు. మామూలుగా చెప్పింది. "మధ్యాహ్నం చెయ్యొద్దన్నావు కదా. రాత్రి చేద్దామంటే అలిసిపోయి ఉంటావని."

ఈ ఛానల్లో కృతజ్ఞత గురించి నేను మాట్లాడిన రోజులున్నాయి. మీకు చెప్పాను, మీరు విన్నారు. నేను వినలేదు. ఆ పూట నాకు అర్థమైంది అదీ.

పెరుగు లేని రోజు

ఆఫీసులో అడిగి ఇంటి నుంచి పనిచేయడానికి ఒప్పించుకున్నాను. ఆరు వారాలు ముమ్మిడివరంలోనే. వంటపని నాన్నా నేనూ పంచుకున్నాం. అమ్మ మంచం మీద కూర్చుని చెప్తుంటే చేయడమే కదా, ఎంతసేపు, అనుకున్నాను.

పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు. పాలు కాచడం. నాన్నకి టిఫిన్‌కి ముందు వేసుకునే మాత్ర ఒకటి, తర్వాత వేసుకునేది ఇంకొకటి. తులసమ్మ దగ్గర దీపం. మంచినీళ్ళ డబ్బా వచ్చే వేళ. గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో లెక్క. కొబ్బరి దింపు తీసేవాళ్ళు ఏ రోజు వస్తారో, వాళ్ళకి ఎంత ఇవ్వాలో. పండుమిరపకాయ పచ్చడి జాడీలో నూనె పైకి తేలిందో లేదో. ఇవేవీ ఎక్కడా రాసి లేవు. అన్నీ ఒక్క మనిషి తలలో ఉన్నాయి. మేమందరం ఆ తల మీద బతుకుతున్నాం.

మూడో రోజు మధ్యాహ్నం నాన్న భోజనానికి కూర్చున్నారు. పప్పు అయింది, పులుసు అయింది. అలవాటుగా "పెరుగు" అన్నారు. ఫ్రిజ్ తెరిచాను. లేదు. రాత్రి పాలు తోడు పెట్టాలన్న సంగతే నాకు తట్టలేదు.

లోపల నుంచి అమ్మ అంది, "నేనే చెప్పడం మర్చిపోయానండి. వాడికేం తెలుసు?" తప్పు నాది. ఆవిడ తన మీద వేసుకుంది.

"ప్యాకెట్ తెస్తాను నాన్నా" అని లేచాను. "వద్దులేరా, కూర్చో" అన్నారు. కాసేపు కంచంలోకి చూస్తూ ఉండిపోయారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ముప్పై ఏళ్ళు అవుతోంది. పెరుగు దానంతటదే తోడుకుంటుందనుకున్నాన్రా."

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీరూ ఒక్క క్షణం ఆగండి. మన ఇళ్ళల్లో దానంతటదే జరిగిపోతోందని మనం అనుకుంటున్నవి ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. మడతపెట్టి ఉండే బట్టలు. కట్టేసి ఉండే కరెంటు బిల్లు. మనం వచ్చేసరికి వెలుగుతూ ఉండే వరండా లైటు. ఒక్కటి కూడా దానంతటది జరగడం లేదు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చేస్తున్నారు.

ఆ రాత్రి అమ్మ నాకు తోడు వేయడం నేర్పింది. పాలు వేడిగా ఉంటే విరిగిపోతాయి, చల్లారిపోతే తోడుకోవు. వేలు పెడితే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. చలికాలం కాబట్టి తోడు కాస్త ఎక్కువ వేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి, పొయ్యి గట్టు మీద కదలకుండా పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో చెప్పింది: "ఎంత ఆకలేసినా గిన్నె ఊడ్చెయ్యకూడదు. రేపటికి ఒక చెంచా ఉంచాలి."

మొదటిసారి నీళ్ళు విడిచింది. రెండోసారి పులిసింది. మూడో రోజుకి గడ్డపెరుగు. చెప్తే నవ్వుతారు, నా ఉద్యోగంలో ఏ పని పూర్తయినప్పుడూ అంత ఆనందం కలగలేదు.

అప్పుడే ఇంకో సంగతి చెప్పింది. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమలో ఎవరూ మర్చిపోలేదు. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. కొబ్బరి తోటలు నేలకి ఒరిగిపోయాయి. అమ్మ అప్పుడు కొత్త కోడలు. పాలు లేవు, కరెంటు లేదు, వంటిల్లు సగం కూలింది. కొన్నాళ్ళకి ఎక్కడో కాసిని పాలు దొరికాయి. కానీ తోడు లేదు. సాయంత్రం పక్కింటి మామ్మగారి దగ్గరికి వెళ్ళి గుమ్మంలో తటపటాయిస్తూ నిలబడిందట. దీపాలు పెట్టాక ఇంట్లోంచి పెరుగు ఇవ్వకూడదంటారు కదా. మామ్మగారు నవ్వి, "తుఫానుకి మనకి దీపాలెక్కడున్నాయమ్మా, పట్టుకెళ్ళు" అని ఒక చెంచా పెరుగు గిన్నెలో వేశారట.

"ఆ చెంచాతోనే మన పెరుగు మళ్ళీ మొదలైంది" అంది అమ్మ. మామ్మగారు ఇప్పుడు లేరు. ఆవిడ వేసిన తోడు మాత్రం ఏదో ఒక రూపంలో మా ఇంట్లో నడుస్తూనే ఉంది. నేను పుట్టకముందు ఎవరో చేసిన ఉపకారాన్ని, ఇన్నేళ్ళుగా రోజూ అన్నంలో కలుపుకుని తింటున్నాను. నాకు తెలియదు.

తెలిసి ఉండటమే కృతజ్ఞత

"కృతజ్ఞత" అనే మాటని విడదీసి చూడండి. కృతం అంటే చేయబడినది. జ్ఞ అంటే తెలిసినవాడు. తనకి చేసిన మేలు తెలిసి ఉన్నవాడు కృతజ్ఞుడు. చూడండి, ఇందులో థాంక్స్ చెప్పడం గురించి ఒక్క ముక్క కూడా లేదు. ముందు తెలియాలి. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏమి వదులుకుని చేశారు? ఇవి తెలియకుండా చెప్పే థాంక్స్ స్టేటస్‌లో పెట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే.

వాల్మీకి మహర్షి రామాయణం మొదట్లోనే నారదుణ్ణి అడుగుతాడు, ఇన్ని గుణాలున్న మనిషి ఈ లోకంలో ఎవరైనా ఉన్నారా అని. ఆ పట్టికలో నాలుగో గుణం కృతజ్ఞత. సత్యం పలకడం దాని తర్వాత వస్తుంది. అయోధ్యకాండ మొదట్లో రాముడి స్వభావం గురించి చెబుతూ ఇంకో అందమైన మాట అంటారు. ఎవరైనా ఎప్పుడో ఒక్క చిన్న ఉపకారం చేస్తే చాలు, రాముడు దానితోనే తృప్తి పడతాడట. అదే వాళ్ళు వంద అపకారాలు చేసినా గుర్తుపెట్టుకోడట. మనం సరిగ్గా దీనికి తలకిందులు. వంద మేళ్ళు అలవాటైపోతాయి. ఒక్క మాట పడితే పదేళ్ళు గుర్తుంటుంది.

కిష్కింధాకాండలో సుగ్రీవుడి సంగతి చూడండి. రాముడి వల్ల రాజ్యం వచ్చింది, భార్య తిరిగి వచ్చింది. వానాకాలం వెళ్ళాక సీతమ్మని వెతికిస్తానన్నాడు. వానలు వెలిశాయి. సుగ్రీవుడు అంతఃపురంలోంచి బయటికి రాలేదు. లక్ష్మణుడు మండిపడుతూ వెళ్ళి అన్న మాటల సారం ఇది: ఎంతటి పాపానికైనా పెద్దలు ప్రాయశ్చిత్తం చెప్పారు, చేసిన మేలు మరిచిన కృతఘ్నుడికి మాత్రం చెప్పలేదు.

ఇన్నాళ్ళూ ఈ ఘట్టం చదివి సుగ్రీవుడి మీద కోపం తెచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు జాలేస్తోంది. అతను చెడ్డవాడు కాదు. చెయ్యనని ఎప్పుడూ అనలేదు. సుఖంగా ఉన్నాడు, రోజులు గడిచిపోయాయి, అంతే. మనలో ఎవరూ అమ్మానాన్నల్ని ద్వేషించి మర్చిపోవడం లేదు. ఏసీ గదిలో, డెడ్‌లైన్ల మధ్య, సుగ్రీవుడిలాగే మర్చిపోతున్నాం. అయితే సుగ్రీవుడు ఒక మంచిపని చేశాడు. గుర్తుచేయగానే లేచాడు. సాకులు చెప్పుకుంటూ కూర్చోకుండా పనిలోకి దిగాడు. మనకి ఆ దారి ఇంకా తెరిచే ఉంది.

పోలి వెలిగించిన దీపం

అమ్మ చెయ్యి విరిగింది పోలి పాడ్యమి నాడు అన్నాను కదా. ఆ పోలి కథ మీలో చాలామందికి తెలుసు. అత్తగారు మిగతా కోడళ్ళని తీసుకుని కార్తీక స్నానానికి నదికి వెళ్ళేది. చిన్న కోడలు పోలిని ఇంటి పనికి వదిలేసేది. దీపం పెట్టుకోవడానికి సామగ్రి కూడా మిగల్చకుండా పోయేది. పోలి ఏం చేసింది? నూతి దగ్గర స్నానం చేసి, పెరట్లో పత్తి చెట్టు నుంచి కాస్త దూది తీసి వత్తి చేసుకుంది. కవ్వానికి అంటుకున్న వెన్న తీసి దీపం వెలిగించింది. అత్తగారి కంట పడకుండా బుట్ట కింద పెట్టింది. నెలాఖరుకి విమానం వచ్చింది. నదికి వెళ్ళినవాళ్ళ కోసం కాదు, పోలి కోసం.

ఈ కథని ఎప్పుడూ పోలి భక్తికి ఉదాహరణగానే చెప్పుకుంటాం. ఈసారి నాకు ఆ ఇల్లు కనిపించింది. ఆ ఇంట్లో కవ్వం తిరిగింది కాబట్టే దానికి వెన్న అంటుకుంది. తిప్పింది ఎవరు? అందరూ తాగిన మజ్జిగ ఎవరి చేతిది? ఆ ఇంట్లో ఒక్కరు కూడా ఆ సంగతి చూడలేదు. దేవుడు చూశాడు. విమానం వచ్చాక అందరూ పరిగెత్తుకొచ్చి ఆమె కాళ్ళు పట్టుకుని వేలాడారు. అప్పటికి ఆలస్యమైంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. "అమ్మ దేవత" అని మనం తేలిగ్గా అనేస్తాం. దేవతని చేసి పీఠం మీద కూర్చోబెట్టి, గిన్నెలు మాత్రం ఆవిడ చేతే తోమించుకుంటే అది పూజ కాదు, తెలివితేటలు. మన పెద్దలు దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అన్నారు. ఋణం అనే మాటే వాడారు, గమనించండి. అప్పుని కన్నీళ్ళతో తీర్చలేం. లేచి ఏదో ఒకటి చేయాలి.

ఇంకో మాట. అందరి ఇళ్ళూ ఒకలా ఉండవు. ఇంట్లో ప్రేమ కంటే గాయాలే ఎక్కువ తిన్నవాళ్ళు కూడా ఇది చదువుతుండొచ్చు. మిమ్మల్ని బాధపెట్టినవాళ్ళకి కృతజ్ఞతగా ఉండి, ఆ బాధ అక్కడే భరించమని నేను చెప్పడం లేదు. మీకు తోడు వేసిన చెయ్యి మరొకటి ఉండి ఉంటుంది. ఒక టీచరు, ఒక రూమ్మేటు, జ్వరం వచ్చిన రాత్రి గంజి కాచి ఇచ్చిన హాస్టల్ ఆయా. మీ కృతజ్ఞత వాళ్ళకి చెందుతుంది.

రోజూ పెళ్ళి ఎందుకు

ధనుర్మాసంలో ఒక సాయంత్రం నాన్న ఉన్నట్టుండి అన్నారు, "మురమళ్ళలో కల్యాణం చేయిద్దాం." ముందుగా పేరు రాయించుకుని ముగ్గురం వెళ్ళాం.

అక్కడి స్థలపురాణం మీకు వీడియోలో చెప్పాను. దక్షయజ్ఞం ధ్వంసమయ్యాక కూడా వీరభద్రుడి ఆగ్రహం చల్లారలేదు. లోకాలు తల్లడిల్లిపోయాయి. మునులు ప్రార్థిస్తే అమ్మవారు భద్రకాళిగా వచ్చింది. గాంధర్వ విధిలో వాళ్ళిద్దరికీ కల్యాణం జరిగింది. ఆయన శాంతించాడు. మునులు కొలువున్న మునిమండలే మురమళ్ళ అయిందంటారు. ఆనాటి నుంచి అక్కడ నిత్య కల్యాణం.

పీటల మీద అమ్మానాన్నలు కూర్చున్నారు. సంకల్పంలో గోత్రం, పేర్లు చెప్పారు. అక్షతల వేళకి అమ్మ కుడిచెయ్యి కట్టులో ఉంది, దోసిలి పట్టడానికి లేదు. నాన్న తన దోసిలి ఆవిడ ముందుకి జరిపారు. "నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అన్నారు. అమ్మ ఎడంచెయ్యి ఆయన చేతుల కింద ఆనించింది. ఇద్దరూ కలిపి వేశారు. పెళ్ళినాడు ఎలా ఉండేవారో నేను చూడలేదు. ఆ రోజు చూశాను.

అక్కడ కూర్చుని ఉండగా నా చిన్ననాటి ప్రశ్నకి జవాబు తోచింది. శాంతి అనేది ఒకసారి తెచ్చి బీరువాలో దాచుకునే వస్తువు కాదు. నిన్నటి పెరుగు ఇవాళ అయిపోతుంది, రేపటికి మళ్ళీ తోడు వేయాల్సిందే. నిన్నటి ప్రేమా అంతే. సాక్షాత్తూ స్వామివారే రోజూ పెళ్ళిపీటల మీద కూర్చుంటున్నారు. మనం ఎప్పుడో జరిగిన ఒక్క పెళ్ళితో, ఎప్పుడో అన్న ఒక్క మంచి మాటతో, ఏడాదికోసారి పెట్టే మదర్స్ డే ఫోటోతో సరిపెట్టుకుంటే ఎలా?

ఏడాదికోసారి దొరికే దర్శనం గొప్పదే. కానీ రోజూ దొరికే దర్శనం ఒకటి మన వంటింట్లో ఉంది. దానికి వరస లేదు, టిక్కెట్టు లేదు. అందుకే మనకి కనిపించడం లేదు.

ఈ వారం మీరు చేయాల్సినవి మూడు. మొదటిది, అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోన్ పక్కన పెట్టి, ఈ ముద్ద నా దాకా రావడానికి ఎవరి చెయ్యి పడిందో ఒక్కరినైనా పేరుతో తలుచుకోండి. రెండోది, ఇంట్లో రోజూ ఎవరో చేసే పని ఒకటి ఎంచుకుని, అడగకుండా, ఫోటో తీయకుండా, మీరు చేయండి. ఒకరోజు కాదు, వారమంతా. మూడోది, ఇంటి నుంచి రోజూ వచ్చే ఫోన్ ఏదైనా ఉంటే, రేపు అది రాకముందే మీరే చేయండి.

సంక్రాంతి దగ్గర పడుతుండగా అమ్మకి కట్టు విప్పారు. ఆ రాత్రి పాలగిన్నె దగ్గరికి తనే వెళ్ళబోతే నాన్న ఆపారు. "నువ్వు కూర్చో. నాకు వచ్చింది ఇప్పుడు" అన్నారు. వేలు పెట్టి చూసి, "చాలా వేడిగా ఉందేమోనే?" అని అడిగారు. అమ్మ ఇక్కణ్ణించే "ఇంకో పది నిమిషాలు ఆగండి" అంది.

నేను హైదరాబాద్ వచ్చేశాను. ఒంటిగంటకి నా ఫోన్‌లో అలారం మోగుతుంది. నేనే చేస్తున్నాను. "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగితే మొదటి రోజు రెండు క్షణాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "ఆయ్, తిన్నాను. పెరుగు బాగా తోడుకుంది. నువ్వు తిన్నావా నాన్నా?"

భద్రకాళీ వీరేశ్వరుల దయ మీ ఇంటి మీద ఉండాలి. మీ ఇంటి గిన్నెలో రేపటికి ఒక చెంచా ఎప్పుడూ మిగలాలి.

ఓం నమశ్శివాయ.